టీబీ మందులకు లొంగని దగ్గు: ఊపిరితిత్తుల్లో నీటితిత్తి ఉందేమో తేల్చుకోవడం ఎలా

రెండు నెలలుగా టీబీ బిళ్ళలు మింగుతున్నారు. దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నచోటే ఉంది, పైగా కాస్త పెరిగినట్టుంది. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి ఒక్కసారీ కనపడలేదు. ఇంటి వెనక గొర్రెల దొడ్డి, దొడ్డి దగ్గర కుక్క. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర కలిసినప్పుడు "ఇది హైడాటిడ్ సిస్ట్ (కుక్క బద్దెపురుగు వల్ల వచ్చే నీటితిత్తి) కావచ్చా డాక్టర్ గారూ?" అని మీరే నోరు తెరిచి అడగాలి.

నెల్లూరు, ప్రకాశం మెట్టలో ఈ ప్రశ్న తప్పకుండా అడగాల్సిందే. ఉదయగిరి, వింజమూరు, పామూరు, కనిగిరి వైపు ఏ ఊరికి పోయినా గొర్రెల మంద ఎదురొస్తుంది. ఇక్కడి గొర్రె జాతికి నెల్లూరు పేరే ఉంది. టీబీ కూడా మన దగ్గర మామూలు జబ్బే కాబట్టి, దగ్గులో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ అనగానే ఎవరి మనసైనా ముందు అటే పోతుంది. పోవాలి కూడా. రుజువు దొరక్కపోయినా అక్కడే కూర్చుండిపోవడంతోనే వస్తుంది చిక్కు.

ముందు జబ్బు సంగతి

ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు కుక్క పేగుల్లో బతుకుతుంది. బద్దెపురుగు అంటే మూరెడు పొడుగు ఊహించుకోకండి. ఇది బియ్యపు నూకంత, 3 నుంచి 6 మిల్లీమీటర్లు. కుక్క పేడతో దాని గుడ్లు బయటపడి మట్టికి, గడ్డికి, నీళ్ళకు, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. గొర్రె గడ్డితోపాటు వాటిని మింగితే దాని కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు పెరుగుతాయి. ఆ గొర్రెను కోసినప్పుడు బుడగలున్న ముక్కను కుక్కకు విసిరేస్తే చక్రం పూర్తవుతుంది. మనిషి ఈ చక్రంలో పొరపాటున దూరతాడు. కుక్కను నిమిరిన చెయ్యి కడుక్కోకుండా అన్నం తింటే, కడగని ఆకుకూర తింటే గుడ్డు కడుపులోకి పోతుంది, అక్కడ పగిలి రక్తంలో కలుస్తుంది. నూటికి 70 మందిలో కాలేయం దగ్గర ఆగిపోతుంది, 20 మందిలో దాన్ని దాటి ఊపిరితిత్తులకు చేరుతుంది. పిల్లల్లో ఊపిరితిత్తుల వాటా ఇంకా ఎక్కువ.

రెండు అపోహలు ఇక్కడే తీసేద్దాం. మటన్ తింటే ఈ జబ్బు రాదు. గొర్రెలోని బుడగ నేరుగా మనిషికి అంటదు, మధ్యలో కుక్క ఉండాల్సిందే. అలాగే రోగి దగ్గితే పక్కవాళ్ళకు అంటదు. కంచం వేరు, పడక వేరు అక్కర్లేదు. (టీబీ కాదని ఇంకా తేలకపోతే మాత్రం మాస్కు మానొద్దు.)

తిత్తి ఏడాదికి 1 నుంచి 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఊపిరితిత్తి మెత్తన కాబట్టి అడ్డు తక్కువ, కాలేయంలో కంటే ఇక్కడే తొందరగా ఊరుతుంది. గుడ్డు మింగిన రోజుకూ మొదటి దగ్గుకూ మధ్య ఏళ్ళు గడుస్తాయి. పదేళ్ళ కిందట చచ్చిపోయిన కుక్కను ఎవరూ గుర్తు చేసుకోరు. రోగ చరిత్రలో తప్పిపోయేది చాలాసార్లు ఆ కుక్కే.

1. టీబీ అని దేన్నిబట్టి అన్నారో కాగితాల్లో వెతకండి

ఉన్న రిపోర్టులన్నీ తేదీల వరసలో పేర్చండి. కళ్లె పరీక్ష, సీబీనాట్ లేదా ట్రూనాట్ (కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్షలు) ఫలితం ఎక్కడుందో చూడండి. దాని మీద టీబీ క్రిమి ఉన్నట్టు రాసుంటే మీ దగ్గర రుజువు ఉంది, ఈ వ్యాసం మీకు అంతగా అక్కర్లేదు. "నాట్ డిటెక్టెడ్" అని ఉండి, ఎక్స్‌రే చూసి మాత్రమే మందులు మొదలుపెట్టి ఉంటే దాన్ని రుజువులేని టీబీగా లెక్కపెట్టుకోండి. అలా మొదలుపెట్టడం నియమాల ప్రకారమే జరుగుతుంది, డాక్టరును తప్పు పట్టాల్సింది లేదు. కానీ టీబీ కోర్సు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. ఆ మొదటి రెండు నెలలు ముగిసేసరికి జ్వరం పోవాలి, ఆకలి పుట్టాలి, బరువు పెరగాలి. ఇవేవీ లేకపోతే "మందు పనిచేయట్లేదా, జబ్బే వేరా?" అన్న ప్రశ్న అప్పుడే వెయ్యాలి, ఆరో నెల దాకా ఆగొద్దు.

ఒక హెచ్చరిక: టీబీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. టీబీ, నీటితిత్తి రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. మొండి టీబీ అయినా మందులకు ఇలాగే లొంగకుండా ఉంటుంది. మళ్ళీ ఒకసారి తెల్లవారుజామున పళ్ళు తోముకోకముందు, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె ఇచ్చి పరీక్ష చేయించండి. ఉమ్మి ఇస్తే ఆ పరీక్ష దండగ.

2. ఎక్స్‌రేలో ఏం చూడాలో తెలుసుకోండి

ఫిల్మ్ చదవడం డాక్టరు పని. అయినా మీకూ కొంత తెలిసి ఉంటే సరైన మాట అడగగలుగుతారు. ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఎక్స్‌రేలూ ఉండాలి. ఒక్కదాంతో పక్కటెముకల చాటున ఉన్నదేమిటో తేలదు.

పగలని తిత్తి చూడ్డానికి నిమ్మకాయలా, బత్తాయిలా ఉంటుంది. అంచు కంపాస్‌తో గీసినట్టు నున్నగా, లోపలంతా ఒకే తెలుపు. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి శుభ్రంగా ఉంటుంది. ఎక్కువగా కుడివైపు, కింది భాగంలో కనపడుతుంది. టీబీ మచ్చ అలా ఉండదు. అది పైభాగాన్ని ఇష్టపడుతుంది, అంచులు చెదిరి, పక్కన చిన్న చిన్న చుక్కలు, గీతలు చల్లినట్టుంటుంది. ఊపిరితిత్తుల తిత్తి గోడకు సున్నం పట్టడం చాలా అరుదు. కాబట్టి గట్టి సున్నపు మచ్చలు కనపడితే పాత టీబీ వైపే ఆలోచిస్తారు.

తిత్తికి గాలి తగిలాక వేషాలు మారుస్తుంది. ఎక్కువ పొరపాట్లు ఈ దశలోనే జరుగుతాయి. తిత్తికి లోపల సొంత పొర ఒకటి, బయట మన ఒంటి కండ కట్టిన గోడ ఒకటి. ఈ రెంటి మధ్యకు గాలి చొరబడితే పైన నెలవంకలా సన్నని నల్లటి చాపం వస్తుంది. గాలి లోపలి పొరను కూడా దాటితే రెండు చాపాలు, ఉల్లిపొరల్లా. పొర పూర్తిగా ఊడి నీళ్ళమీద పడితే, చెరువులో కలువ ఆకు తేలినట్టు వంకర టింకర గీత కనపడుతుంది. ఇంగ్లీషు రిపోర్టులో "వాటర్ లిల్లీ సైన్" అని రాసేది దీన్నే. ఆ మాట మీ రిపోర్టులో ఉంటే జాబితాలో హైడాటిడ్ మొదటి పేరవుతుంది. నెలవంక ఒక్కటే ఉంటే మాత్రం తొందరపడకూడదు. పాత టీబీ గుంతలో బూజు ఉండ కట్టినా అలాంటి నెలవంకే వస్తుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి మళ్ళీ ఫిల్మ్ తీస్తే ఆ బూజు ఉండ చాలాసార్లు పక్కకు దొర్లుతుంది, అది గుర్తు.

తిత్తి వాయునాళంలోకి పగిలి, నీళ్ళన్నీ పోయి, చీము పట్టిందంటే ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల గడ్డకూ దీనికీ తేడా చెప్పడం కష్టం. నెమ్ము అని ఒకరు, చీముగడ్డ అని ఇంకొకరు, బీడీ తాగే పెద్దాయనైతే క్యాన్సర్ అని మరొకరు అంటారు. పొట్ట దగ్గర నొప్పి, జ్వరం వచ్చి, చాక్లెట్ రంగు కళ్లె పడితే అది వేరే కథ. కాలేయంలో అమీబా గడ్డ ఛాతీలోకి పగిలినప్పుడు అలా వస్తుంది.

మార్కాపురం పలకల గనుల్లో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేసినవాళ్ళకు ఇంకో చిక్కుంది. "దుమ్ము జబ్బే" అని తోసేస్తారు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌లో రెండువైపులా, పైభాగాల్లో ఆవాల్లాంటి చుక్కలు వందలుగా ఉంటాయి. ఒక్కటే పెద్ద నున్నటి గుండు దుమ్ముతో రాదు.

3. డాక్టరుకు ఈ సంగతులు రాసి ఇవ్వండి

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. నోటితో చెప్పాలనుకుంటే సగం మర్చిపోతారు. ఒక చీటీ మీద ఇలా రాసుకు పోండి: గత 15 ఏళ్ళలో ఇంట్లో గానీ మందతో గానీ కుక్క ఉందా, ఎన్నేళ్ళు ఉంది, గొర్రెలు, మేకలు ఇంటిదగ్గర పెంచారా, జాతరకు, పెళ్ళికి వేట కోసేది ఎక్కడ, బోటి, ఊపిరితిత్తులు ఎటు పోతాయి, ఇంట్లో ఇంకెవరికైనా కాలేయంలో "నీటి గడ్డ" అని ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, దగ్గినప్పుడు ఎప్పుడైనా ఉప్పటి నీళ్ళు పడ్డాయా, ఆ సమయంలో ఒంటిమీద దద్దుర్లు లేచాయా. చివరి రెండు ప్రశ్నలకూ "అవును" అని ఉంటే ఆ చీటీని టేబుల్ మీద అన్నిటికంటే పైన పెట్టండి.

4. పరీక్షలు ఏ వరసలో

మొదట కడుపు అల్ట్రాసౌండ్. ఊపిరితిత్తుల జబ్బుకు కడుపు స్కాన్ ఎందుకని ల్యాబ్‌లో కూడా అడుగుతారు. ఊపిరితిత్తుల తిత్తి ఉన్నవాళ్ళలో కొందరికి కాలేయంలోనూ ఒకటి ఉంటుంది. అక్కడ దొరికితే ఛాతీలోది కూడా అదే అని తేల్చడం సులువు. ఖర్చు తక్కువ, సూది లేదు, రేడియేషన్ లేదు. ఛాతీ గోడకు ఆనుకుని ఉన్న తిత్తి అదే ప్రోబ్‌తో కనపడుతుంది కూడా.

తర్వాత ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ స్కాన్. పగలని తిత్తి లోపల నీటి సాంద్రతే ఉంటుంది, రిపోర్టులో 0 నుంచి 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లని రాస్తారు. కాంట్రాస్ట్ మందు ఎక్కినా లోపలి భాగం వెలగదు. కణితి అయితే లోపల గట్టిగా ఉండి వెలుగుతుంది. చీముగడ్డ అయితే గోడ మందంగా వెలుగుతుంది. చీము పట్టిన తిత్తికి సాంద్రత పెరిగి గట్టి గడ్డలా మోసం చేస్తుందని గుర్తుంచుకోండి. సీటీ రాసే కాగితం మీద "కుక్క, గొర్రెలతో సావాసం ఉంది, హైడాటిడ్ అనుమానం" అని డాక్టరు చేత రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే రేడియాలజిస్ట్ ముందు ఉన్నది పేరూ వయసూ మాత్రమే.

రక్తంలో హైడాటిడ్ ఎలైసా చేయిస్తారు, తిత్తికి ఎదురుగా ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను వెతికే పరీక్ష ఇది. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకటుంది. కాలేయపు తిత్తికి ఈ పరీక్ష బాగా పట్టిస్తుంది, ఊపిరితిత్తుల తిత్తికి అంతగా పట్టదు. పగలని తిత్తి లోపలి సరుకు బయటికి రాదు, ఒంటికి దాని సంగతి అంతగా తెలియదు, చాలామందిలో యాంటీబాడీలు తగినన్ని తయారుకావు. అందుకే ఎలైసా నెగటివ్ వచ్చిందని ఎక్స్‌రేలోని నున్నటి గుండును కొట్టిపారేయకూడదు. ఇసినోఫిల్స్ (రక్తంలో ఒక రకం తెల్లకణాలు) కూడా అంతే, పెరిగితే ఒక సూచన, పెరగకపోతే అర్థం ఏమీ లేదు. చర్మంలోకి ఇచ్చే కాసోనీ పరీక్ష పాతకాలపుది. ఇప్పుడు దాన్ని నమ్ముకోరు.

కళ్లెలో పొర ముక్కలు పడుతుంటే ల్యాబ్‌కు "హైడాటిడ్ కొక్కేల కోసం చూడండి" అని చెప్పి పంపండి, పురుగు పిల్లల తలమీద ఉండే కొక్కేలవి. అడగకపోతే టీబీ రంగు వేసి, క్రిమి లేదని రాసి పక్కన పెడతారు.

5. సూది దగ్గర ఆగండి

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. ఛాతీలో నున్నటి గుండ్రటి నీడ ఉన్న మనిషికి, హైడాటిడ్ కాదని తేలేదాకా, అందులోకి సూది పోనివ్వకూడదు. "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, తీసేద్దాం" అని గానీ, "ముక్క పరీక్షకు చిన్న సూదితో తీస్తాం" అని గానీ అన్నప్పుడు మీ చీటీ మళ్ళీ చూపించండి.

కారణం ఇదీ. తిత్తిలో నీళ్ళు ఒత్తిడితో నిండి ఉంటాయి. సూది దిగితే అవి గుచ్చిన దారి వెంట ఛాతీ కుహరంలోకి చిమ్ముతాయి. అందులోని మాంసకృత్తులు కొందరిలో ఒక్కసారిగా ప్రాణాంతకమైన అలర్జీ తెప్పిస్తాయి. బీపీ పడిపోతుంది, గొంతు మూసుకుపోతుంది. అది తప్పినా, నీళ్ళలో ఇసుక రేణువుల్లా తేలే పురుగు పిల్లలు పడినచోటల్లా కొత్త తిత్తులు మొలుస్తాయి. కాలేయపు తిత్తిని సూదితో నీళ్ళు తీసి, మందు ఎక్కించి మళ్ళీ లాగే పద్ధతి ఒకటుంది. అది చూసి ఊపిరితిత్తికి కూడా చేయమని అడగొద్దు. ఇక్కడ అది నిషిద్ధం.

సూది ఇప్పటికే దిగి ఉంటే వచ్చిన నీటి రంగు చూడమనండి. టీబీ వల్ల చేరిన నీరు గడ్డి రంగులో, లేత పసుపుగా ఉంటుంది. హైడాటిడ్ నీరు ఊటబావి నీళ్ళలా తేటగా ఉంటుంది. తేట నీరు వస్తే అక్కడితో ఆపి, ఆ నీటిని పారబోయకుండా ల్యాబ్‌కు పంపి, రోగిని గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

6. తిత్తి పగిలితే

పెద్ద దగ్గు తెర వస్తుంది, నోటి నిండా ఉప్పటి నీళ్ళు. వాటిలో తెల్లటి పొరలు ఉంటాయి. ఉడికించిన గుడ్డు పెంకు ఊడదీసినప్పుడు లోపల అంటుకున్న పల్చటి తెర ఎలా ఉంటుందో కొన్ని అలా ఉంటాయి. మందంగా వచ్చినవి తాటిముంజ పైపొర తీసినట్టు, జిగటగా, పారదర్శకంగా, చివర్లు లోపలికి చుట్టుకుని ఉంటాయి. కొందరు ద్రాక్షతొక్కలు అంటారు. రక్తపు చారలు కలవొచ్చు. దీన్ని వాంతి అనుకుని వదిలేసినవాళ్ళు ఎందరో.

ఏం చెయ్యాలంటే: మనిషిని కూర్చోబెట్టి ముందుకు వంచండి, నీళ్ళు బయటికి పోనివ్వండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఆ నీళ్ళు రెండో ఊపిరితిత్తిలోకి జారతాయి. తిత్తి ఏ వైపుందో తెలిసి, మనిషి కూర్చోలేకపోతే ఆ వైపే కిందికి ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దద్దుర్లు, పిల్లికూతలు, పెదాలు ఉబ్బడం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేసి, "అలర్జీ, ఊపిరాడట్లేదు" అని ఆ మాటలే చెప్పండి. దగ్గర్లోని పీహెచ్‌సీలో చేయాల్సింది, పెద్దలకైతే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలోకి. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అవిల్, స్టెరాయిడ్ తర్వాతి సంగతి. అవి ముందిచ్చి అడ్రినలిన్ ఆలస్యం చేయడమే ఇక్కడ జరిగే తప్పు.

పడిన పొరలను వెడల్పు మూతి డబ్బాలో వేసి మూతపెట్టి ఆసుపత్రికి తీసుకుపోండి. పారేస్తే నెలల తరబడి పరీక్షలతో తేలని విషయాన్ని చేతులారా కాలువలో కలిపినట్టే. డెట్టాల్, ఫినాయిల్ పొయ్యొద్దు. ఇంట్లో ఉంటే సెలైన్, లేకపోతే ఏమీ కలపకుండానే.

నీళ్ళు పడ్డాక చాలామందికి ఛాతీ తేలికవుతుంది, "తగ్గిపోయింది" అనుకుంటారు. చిన్న తిత్తులు అలా పూర్తిగా ఊడి నయమైపోవడమూ ఉంది. కానీ పొర లోపలే ఇరుక్కుంటే నెల తిరక్కముందే చీము పడుతుంది, దుర్వాసనతో కళ్లె మొదలవుతుంది. తేలికైనా ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించాలి.

7. వైద్యం

ఊపిరితిత్తుల తిత్తికి ప్రధాన వైద్యం ఆపరేషనే. ఛాతీ తెరిచి, చుట్టూ 20 శాతం ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డలు పరుస్తారు, చుక్క కారినా పురుగు పిల్లలు చావడానికి. తిత్తిని పొరతో సహా తీసి, మిగిలిన గుంతలోకి తెరుచుకున్న గాలి రంధ్రాలు ఒక్కొక్కటీ కుట్టి, గుంతను మూసేస్తారు. మంచి ఊపిరితిత్తిని వీలైనంత మిగల్చడమే పద్ధతి. చీము పట్టి ఆ భాగం పూర్తిగా పాడైతేనే ముక్క తీసేస్తారు. అందుకే పగలకముందు చేసిన ఆపరేషన్‌కూ పగిలి కుళ్ళాక చేసినదానికీ హస్తిమశకాంతరం. ఇది గుండె, ఊపిరితిత్తుల సర్జన్ చేయాల్సిన పని. గుంటూరు పెద్దాసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. నెల్లూరులో, ఒంగోలులో ఛాతీ డాక్టరుకు చూపించి రెఫరల్ కాగితం తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే పోయే ముందే ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో మీ ఆపరేషన్ ప్యాకేజీ వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోండి.

మందు ఆల్బెండజోల్. నులిపురుగుల నివారణ రోజున బడిలో వేసే ఒక్క బిళ్ళకూ దీనికీ సంబంధం లేదు. ఆ ఒక్క 400 మిల్లీగ్రాములు తిత్తిని తాకను కూడా తాకదు. ఇక్కడ మోతాదు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. 60 కిలోలు దాటినవాళ్ళకు 400 ఉదయం, 400 రాత్రి. 40 కిలోల మనిషికి 15 చొప్పున 600 అవుతుంది, పూటకు 300. బిళ్ళ విరవడం కుదరకపోతే 5 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములుండే సిరప్ పూటకు 7.5 మిల్లీలీటర్లు. ఎన్ని నెలలన్నది డాక్టరు చెప్పాలి, సాధారణంగా నెలల లెక్కే.

ఖాళీ కడుపున మింగితే ఈ మందులో చాలా భాగం ఒంటికి పట్టదు. కొవ్వున్న తిండితో మింగితే రక్తంలోకి చేరేది దాదాపు ఐదు రెట్లవుతుంది. రెండు గుడ్ల అట్టు, పెద్ద గ్లాసు గేదెపాలు సరిపోతాయి. గుడ్డు తిననివాళ్ళు నెయ్యి బాగా వేసిన పప్పన్నం, వేరుశెనగ పచ్చడితో తినొచ్చు. "వేడి చేస్తుంది" అని మజ్జిగన్నంతో మింగేవాళ్ళు మందు డబ్బులు మజ్జిగలో కలిపినట్టే.

పగలని పెద్ద తిత్తి ఉన్నవాళ్ళు ఆపరేషన్‌కు ముందు ఈ మందు సొంతంగా మొదలుపెట్టకూడదు. మందుకు పొర మెత్తబడి తిత్తి పగిలే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది సర్జన్లు ఊపిరితిత్తుల విషయంలో ముందు ఆపరేషన్, తర్వాత మందు అంటారు. చిన్నవి, ఎన్నో ఉన్నవి, ఆపరేషన్ తట్టుకోలేని మనిషి అయితే మందుతోనే నెట్టుకొస్తారు.

మొదలుపెట్టే ముందు, తర్వాత ప్రతి రెండు వారాలకూ కాలేయ పరీక్ష, రక్తకణాల లెక్క చేయించాలి. టీబీ మందులు కూడా నడుస్తుంటే ఇది మరీ ముఖ్యం, రెండూ కాలేయం మీద భారం వేసేవే. జుట్టు రాలితే భయపడొద్దు, మందు ఆపాక వస్తుంది. కళ్ళు పచ్చబడినా, ఉన్నట్టుండి జ్వరం, గొంతునొప్పి వచ్చినా మందు ఆపి ఆ రోజే చూపించుకోవాలి. గర్భిణులకు ఇవ్వరు, మందు వాడినంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలి.

ఆపరేషన్ తర్వాత ఛాతీలో పెట్టిన గొట్టం సీసాలో బుడగలు రావడం ఆగేదాకా ఉంటుంది. కొందరికి వారం దాటినా బుడగలు ఆగవు. కుట్టిన గాలి రంధ్రాల్లో ఒకటి ఇంకా మూసుకోలేదని దానర్థం. మూడు బంతుల ఊపిరి యంత్రాన్ని మేలుకుని ఉన్న ప్రతి గంటకూ పదిసార్లు పీల్చాలి. నొప్పికి భయపడి పీల్చనివాళ్ళకే నెమ్ము చేస్తుంది. తర్వాత ఎక్స్‌రేలు కొన్నేళ్ళపాటు తప్పవు. ఎలైసా మాత్రం ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని కంగారు పడొద్దు.

8. కుక్క, దొడ్డి, వేట

కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి, కిలోకు 5 మిల్లీగ్రాములు. పశువుల మందుల దుకాణంలో దొరికే చాలా బిళ్ళల్లో 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 10 కిలోలకు ఒకటి. 15 కిలోల ఊరకుక్కకు ఒకటిన్నర. అట్ట మీద ఆ పేరూ అంకే ఉన్నాయో లేదో చదివి కొనండి. ఐవర్‌మెక్టిన్ బద్దెపురుగును చంపదు. పేగులో చేరిన కొత్త పురుగు గుడ్లు పెట్టడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది కాబట్టి ఆరు వారాలు దాటకుండా ఇస్తూ పోతే గుడ్డు బయటపడే అవకాశం బాగా తగ్గుతుంది. అంత కుదరకపోతే ఏడాదికి నాలుగుసార్లయినా. మందు వేశాక రెండు రోజులు కట్టేసి, ఆ పేడను చేత్తో ముట్టకుండా ఎత్తి కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. ఫినాయిల్ చల్లితే గుడ్లు చావవు, శానిటైజర్‌కూ చావవు. సలసల కాగే నీళ్ళకు చస్తాయి. చేతులకైతే సబ్బు, నీళ్ళే, గోళ్ళ సందుల్లో రుద్ది.

వేట కోసినచోట కాలేయంలో, ఊపిరితిత్తుల్లో గట్టి గోడ, నీళ్ళు నిండిన బుడగలు కనపడితే అక్కడే పొడిచి చూడొద్దు. పేగుల కొవ్వుకు సన్నని మెడతో సంచిలా వేలాడే పల్చటి బుడగ వేరే బద్దెపురుగుది, మనిషికి రాదు. కానీ కుక్కకు అదీ వెయ్యకూడదు. తీసేసిన ముక్కలన్నీ అరగంట పైనే ఉడకబెట్టాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతు గుంతలో పూడ్చి పైన రాళ్ళు పెట్టాలి. జాతర రోజున వేటలు పదుల్లో తెగుతాయి, కుక్కలూ పదుల్లో చేరతాయి. గుంత ముందురోజే తవ్వి ఉంచకపోతే ఆ గందరగోళంలో ఎవరూ తవ్వరు.

ఒక ఇంట్లో ఒకరికి తేలితే, అదే కుక్కతో పెరిగిన మిగతా వాళ్ళందరికీ ఒక ఛాతీ ఎక్స్‌రే, ఒక కడుపు అల్ట్రాసౌండ్ తీయించండి. పిల్లలతో మొదలుపెట్టండి. వాళ్ళకు దగ్గు కూడా ఉండదు, ఆడుతూనే ఉంటారు, నిమ్మకాయంత తిత్తి మోస్తూ.